గాలిమోటర్లు, పాత ఫోటోలు, మన సూర్యాపేట

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని కార్యవర్గ మిత్రులు కోరినప్పుడు బడి జ్ఞాపకాలు రాద్దామనే అనుకున్నాను. కానీ ఆ పని నాకంటే చక్కగా చేయగలవారు అన్ని బ్యాచిల్లోనూ ఉన్నారు. అందుకే నాకు కొంత తెలిసిన, మన ప్రాంతంతో సంబంధం ఉన్న ఒక చరిత్ర విషయం ఎంచుకున్నాను.

నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరుని. ఇంజన్ల మీది ఇష్టం కొద్దీ ముప్పై ఏళ్లుగా పాతకాలపు విమానాల ఫోటో ప్రింట్లు సేకరిస్తున్నాను. ఇంటికి వచ్చిన మిత్రులు గోడల మీద వాటిని చూసి, "సూర్యాపేటకు విమానాశ్రయం లేదు, కోదాడకు లేదు, మిర్యాలగూడకు రైలు రావడానికే ఎన్నో ఏళ్లు పట్టింది. మనకూ విమానాలకూ ఏం సంబంధం?" అని అడుగుతుంటారు. సంబంధం ఉంది. చాలా గట్టి సంబంధమే ఉంది. అదే ఈ వ్యాసం.

ప్రింటు అంటే ఏమిటి?

పత్రికలో అచ్చయిన బొమ్మ వేరు, సేకరణకు పనికొచ్చే ఫైన్ ఆర్ట్ ప్రింటు వేరు. రెండో రకానికి అసలు నెగటివ్ నుంచిగానీ, దాన్ని జాగ్రత్తగా స్కాన్ చేసిన ఫైలు నుంచిగానీ ముద్ర తీస్తారు. ఆమ్లం లేని నూలు కాగితం మీద, త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ రంగులతో ముద్రిస్తారు. వెనకటి రోజుల్లో ఈ పనంతా చీకటిగదిలో వెండి లవణాల పూత ఉన్న కాగితం మీద జరిగేది.

పాత గాజు ప్లేట్లలో ఎంత వివరం దాగి ఉంటుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. హాఫ్ ప్లేటు అనే గాజు నెగటివ్ కొలత నాలుగు ముప్పావు అంగుళాలు, ఆరున్నర అంగుళాలు. దాన్ని అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 11,400 బై 15,600 చుక్కల బొమ్మ వస్తుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే 38 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల ఎత్తు. అంటే మన తరగతి గది నల్లబల్లలో మంచి భాగాన్ని ఆక్రమించేంత ప్రింటు. కటకం బాగుండి, కెమెరా కదలకుండా ఉంటే రెక్కల మధ్య బిగించిన తీగలను కూడా ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు.

విమానం పుట్టిన రోజే విమానాల ఫోటోగ్రఫీ కూడా పుట్టింది. 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీ హాక్ దగ్గర రైట్ సోదరుల విమానం 12 సెకన్లపాటు 120 అడుగులు ఎగిరింది. కెమెరాను ముక్కాలిపీట మీద నిలబెట్టి సిద్ధం చేసినవాడు ఆర్విల్ రైట్. బల్బు నొక్కినవాడు జాన్ డేనియల్స్ అనే సముద్రతీర రక్షణ సిబ్బంది మనిషి. కెమెరా పట్టిన అలవాటు లేని మనిషి. రైట్ సోదరులు ఊరికి తిరిగి వెళ్లి ప్లేటు కడిగితేగానీ బొమ్మ పడిందో లేదో తెలియలేదు. 1913లో డేటన్ నగరానికి వచ్చిన వరదలో ఆ ప్లేటు నీట మునిగి ఒక మూల కొంత దెబ్బతింది. అయినా బొమ్మ నిలిచింది. ఈ రోజు మొదటి ఎగురుడును ప్రపంచమంతా నమ్మడానికి ఆ గాజు ముక్కే పెద్ద సాక్ష్యం.

హైదరాబాద్ పేరు మోసిన విమానాలు

ఇక మన కథకు వద్దాం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానాన్ని పాలించినది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. నల్లగొండ జిల్లా, అందులోని మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్నీ ఆయన ఏలుబడిలోనివే. బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు ఆయన విమానాలు కానుకగా ఇచ్చారు. అవి డి.హెచ్.9ఎ రకం బాంబర్లు. కర్ర చట్రం, దాని మీద గుడ్డ తొడుగు, ఇద్దరు కూర్చునే చోటు, 400 అశ్వశక్తి గల 12 సిలిండర్ల లిబర్టీ ఇంజను, దాదాపు 46 అడుగుల రెక్కలు. 1918 సెప్టెంబరులో ఈ దళం ఫ్రాన్స్ నుంచి జర్మనీ పట్టణాల మీద దాడులు మొదలుపెట్టింది. కానుకగా ఇచ్చిన విమానాల మీద నిజాం పేరు, హైదరాబాద్ పేరు, వరుస సంఖ్య రాసి ఉండేవి. ఆ దళానికి "హైదరాబాద్ స్క్వాడ్రన్" అనే పేరు స్థిరపడింది.

వాటిలో ఒకటి ఈనాటికీ మిగిలి ఉంది. దాని సంఖ్య ఎఫ్ 1010. 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లి శత్రువుల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ యుద్ధఖైదీలయ్యారు. తర్వాత ఆ విమానం బెర్లిన్‌లోని వైమానిక మ్యూజియంకు చేరింది. రెండో ప్రపంచయుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే అక్కడి విమానాలను కొన్నింటిని తూర్పు వైపుకు తరలించారు. అలా అది పోలండ్‌లోని క్రాకో నగరంలో తేలింది. 1977లో లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం వారు ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని పోలండ్‌కు ఇచ్చి, బదులుగా దీన్ని తెచ్చుకున్నారు. కొన్నేళ్లు కష్టపడి పూర్వరూపానికి తెచ్చారు.

ఉద్యోగం పని మీద లండన్ వెళ్లినప్పుడు ఒక ఆదివారం హెండన్ వెళ్లి దాన్ని చూశాను. పక్కన హైదరాబాద్ పేరు, 12ఎ అనే సంఖ్య కనిపించాయి. మన రాజధాని పేరు అక్కడ చూసి సంతోషం కలిగింది. కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ కానుకకు డబ్బు ఎక్కడిది? సంస్థానానికి పెద్ద ఆదాయం భూమిశిస్తు. శిస్తు కట్టినది రైతు. నల్లగొండ జిల్లాలో వర్షం పడితే పంట, లేకపోతే పస్తు అన్న రోజులవి. దొరల గడీల్లో వెట్టి నడుస్తున్న రోజులవి. మ్యూజియం పలక మీద ఇచ్చినవారి పేరు ఉంది. ఇప్పించినవారి పేరు మనమే రాసుకోవాలి.

ఫోటో చదవడం ఎలా?

పాత ఫోటో ముందు నిలబడితే కన్ను మోసపోయే అవకాశం ఉంది. 1918 నాటి ప్లేట్లలో ఎక్కువ భాగం ఆర్థోక్రోమాటిక్ రకం. వాటికి ఎరుపు రంగు దాదాపుగా కనిపించదు, నీలం మాత్రం మరీ ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల బ్రిటిష్ విమానాల మీది గుండ్రని గుర్తులో నడిమి ఎరుపు నల్లగా, చుట్టూ ఉన్న నీలం లేత బూడిదరంగులో పడుతుంది. పసుపు కూడా ముదురుగా వస్తుంది. ఈ సంగతి తెలియనివారు అలాంటి ఫోటోకు కంప్యూటర్‌లో రంగులు అద్దితే చరిత్రే తప్పిపోతుంది. తర్వాత వచ్చిన పాంక్రోమాటిక్ ఫిలిం అన్ని రంగులనూ గ్రహించడంతో ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. అందుకే మంచి ప్రింటు తీసేవారు మొదట అది ఏ ప్లేటో, ఏ సంవత్సరమో చూస్తారు. గీతలను, మచ్చలను తుడిచేటప్పుడు కూడా విమానం మీది అక్షరం చెరగకుండా జాగ్రత్తపడతారు.

రెండో ప్రపంచయుద్ధంలో హైదరాబాద్ పేరుతో మూడు దళాలు ఉన్నాయి. పాత 110వ దళం బ్లెన్‌హైమ్ బాంబర్లతో 1939 సెప్టెంబరు 4న విల్హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన దాడిలో పాల్గొంది. యుద్ధం ప్రకటించిన మర్నాడే అది జరిగింది. 152వ దళం స్పిట్‌ఫైర్లతో, 253వ దళం హరికేన్లతో 1940లో బ్రిటన్ ఆకాశంలో పోరాడాయి. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది, వారి నినాదానికి అర్థం "నమ్మకమైన మిత్రుడు". 110వ దళం చిహ్నంలో పులి ఉంటుంది.

152వ దళం తర్వాత బర్మా సరిహద్దుకు వచ్చింది. నా సేకరణలో నాకు బాగా ఇష్టమైన ప్రింటు అక్కడిదే. స్పిట్‌ఫైర్ పక్క భాగం మీద గుండ్రని గుర్తులోంచి నల్ల చిరుత దూకుతున్నట్టు చిత్రించి ఉంటుంది. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరపాటు పడకూడదని మన వైపు యుద్ధరంగంలో ఆ గుర్తులోని ఎరుపును తీసేసి ముదురు, లేత నీలం మాత్రమే వాడారు. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం తమ దగ్గరి ఫోటోలకు ప్రింట్లు తీసి అమ్ముతాయి. అక్కడి భాండాగారాల్లో "హైదరాబాద్" అని వెతికితే మన చరిత్ర ఒక కొసన కనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపారు. బేగంపేట నుంచి డకోటా విమానాలు ఎగిరేవి. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. మన ఊళ్లలో పెద్దలు విమానాన్ని "గాలిమోటర్" అనేవారు. మోటరు అంటే బస్సు. గాలిలో పోయే బస్సు కాబట్టి గాలిమోటర్. అంతకంటే మంచి తెలుగు మాట నాకు ఎక్కడా దొరకలేదు.

కెమెరా మనిషి, ఆయుధాల మనిషి

ఆకాశం నుంచి ఫోటోలు తీసే విద్యకూ హైదరాబాద్ చరిత్రకూ ముడిపెట్టిన విచిత్రమైన మనిషి ఒకడున్నాడు. పేరు సిడ్నీ కాటన్, ఆస్ట్రేలియా దేశస్థుడు. 1939లో యుద్ధానికి ముందు లాక్‌హీడ్ 12ఎ అనే చిన్న విమానంలో రహస్యంగా కెమెరాలు అమర్చి, వ్యాపారి వేషంలో తిరుగుతూ జర్మనీ స్థావరాల ఫోటోలు తీశాడు. యుద్ధం రాగానే స్పిట్‌ఫైర్‌లోంచి తుపాకులు తీసేయించి కెమెరాలు పెట్టించాడు. బరువు తగ్గితే వేగం, ఎత్తు పెరుగుతాయి. ఎత్తున వేగంగా పోయేవాడికి తుపాకీ అక్కరలేదు అన్నది ఆయన తర్కం. ఇంజనీరుగా ఆ తర్కానికి దండం పెట్టాలి. తర్వాత బ్రిటిష్ వైమానిక దళం చేసిన ఫోటో నిఘా అంతా ఆ పునాది మీద నిలిచింది.

అదే మనిషి 1948లో హైదరాబాద్‌కు దొంగతనంగా ఆయుధాలు చేరవేశాడు. లాంకాస్టర్ బాంబరు నుంచి మలచిన లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిపూట బీదర్, వరంగల్ రన్‌వేల మీద దింపేవాడు. భారత యూనియన్ చుట్టూ కట్టుదిట్టం చేస్తే ఆకాశమార్గం మిగిలింది. తర్వాత లండన్ కోర్టు ఆయనకు జరిమానా విధించింది. ఒకే మనిషి, ఒకే నైపుణ్యం. ఒకచోట చరిత్రకు సాక్ష్యం సేకరించింది, ఇంకోచోట మన నేల మీదికి తూటాలు మోసుకొచ్చింది.

1948 సెప్టెంబరు 14

ఇప్పుడు సూర్యాపేట మాట. 1948 సెప్టెంబరు 13న ఆపరేషన్ పోలో మొదలైంది. మనం పోలీస్ యాక్షన్ అంటాం. ప్రధాన దళం షోలాపూర్ నుంచి కదిలింది. తూర్పున విజయవాడ వైపు నుంచి ఇంకో దళం ఇప్పటి జాతీయ రహదారి దారినే వచ్చింది. సరిహద్దు దాటగానే హైదరాబాద్ సైన్యపు సాయుధ కార్లు అడ్డుకున్నాయి. అయినా ఆ ఉదయానికే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరుకున్నారు. మునగాల పరగణా అప్పటికి కృష్ణా జిల్లాలో భాగం, చుట్టూ నిజాం రాజ్యం, నడుమ యూనియన్ భూమి. ఆ తరం వారికి సరిహద్దు అంటే ఊరి పొలిమేర దాటితే కనిపించే సంగతి.

మర్నాడు, 14న, భారత వైమానిక దళం సూర్యాపేటలోని హైదరాబాద్ సైన్యపు స్థావరాల మీద దాడి చేసింది. రజాకార్లు కొందరు ఆ తర్వాతా ఎదిరించారు. గూర్ఖా దళం పట్టణాన్ని స్వాధీనం చేసుకుంది. వెనక్కి తగ్గుతూ హైదరాబాద్ సైన్యం మూసీ వంతెనను కూల్చింది. కానీ అక్కడ కాపలా కాల్పులు లేకపోవడంతో వంతెనను త్వరగానే బాగుచేసుకుని ముందుకు సాగారు. నార్కట్‌పల్లి దగ్గర రజాకార్లతో మరో ఘర్షణ జరిగింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయారు.

ఆ చర్యలో భారత వైమానిక దళం వాడిన విమానం హాకర్ టెంపెస్ట్. 18 సిలిండర్ల సెంటారస్ ఇంజను, దాదాపు 2500 అశ్వశక్తి, నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు. పిస్టన్ ఇంజన్ల యుగం చివరి మెట్టు అది. దాన్ని ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో చూడవచ్చు. భారత్‌లో పనిచేసిన మరో టెంపెస్ట్ లండన్ హెండన్ మ్యూజియంలో ఉంది. అంటే మన రైతుల శిస్తుతో కొన్న విమానం, మన సూర్యాపేట మీద కనిపించిన రకం విమానం రెండూ ఒకే ప్రాంగణానికి చేరాయి. ముప్పై ఏళ్ల ఎడంతో వచ్చిన ఆ రెండు యంత్రాల నడుమ మన జిల్లా చరిత్ర ఇమిడి ఉంది.

మా నాయనమ్మ ఆ రోజుల గురించి చెబుతుంటే చిన్నప్పుడు విన్నాను. "గాలిమోటర్లు ఒచ్చినయి బిడ్డా. ఆ సప్పుడుకు ఇంట్ల గిన్నెలు గలగలమన్నయి. పిల్లలను పట్టుకొని చేన్లకు ఉరికినం" అనేది. ఎవరి విమానాలో, ఎవరి మీదికో ఆమెకు అప్పుడు తెలియదు. సెంటారస్ ఇంజను అశ్వశక్తి నేను పుస్తకంలో చదివాను. దాని శబ్దం ఆమె విన్నది.

నా గోడ మీద ఫ్రాన్స్‌లో ఎగిరిన హైదరాబాద్ విమానం ఉంది. బర్మాలోని చిరుత బొమ్మ స్పిట్‌ఫైర్ ఉంది. బేగంపేటలో పటేల్‌కు నిజాం చేతులు జోడించి స్వాగతం చెబుతున్న 1949 ఫోటో కూడా ఉంది. 1948 సెప్టెంబరు నాటి సూర్యాపేట బజారు, కూలిన మూసీ వంతెన, కోదాడ బాట, ఇవి మాత్రం నా దగ్గర లేవు. కెమెరా ఎవరి చేతిలో ఉంటే చరిత్ర వారి వైపు నుంచే కనిపిస్తుంది. పైనుంచి చూసినవారి దగ్గర కెమెరా ఉండేది. కింద చేన్లలోకి పరుగెత్తినవారి దగ్గర మాట మాత్రమే ఉంది.

ఆ ఐదు రోజులకు ముందు రజాకార్ల చేతుల్లో ఈ నేల పడ్డ బాధ అందరికీ తెలిసిందే. తర్వాత కూడా శాంతి వెంటనే రాలేదు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. నష్టపోయినవారు ఏ ఒక్క వర్గానికో, ఏ ఒక్క మతానికో చెందినవారు కారు. ఆ ఇళ్ల పిల్లలందరూ తర్వాత మన బడి బెంచీల మీద పక్కపక్కనే కూర్చుని చదువుకున్నారు. ఈ సంచిక చదివేవారిలో అన్ని ఇళ్లవారూ ఉన్నారు.

ఒక మనవి

స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. బడి గ్రంథాలయంలో ఒక గోడను చరిత్ర గోడగా చేద్దాం. పన్నెండు ప్రింట్లు చాలు. హైదరాబాద్ దళాల ఫోటోలు, డకోటాలు, టెంపెస్ట్ నేను సమకూరుస్తాను. మిగతావి మీ ఇళ్లలో ఉన్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పాత ఫోటో స్టూడియోల వారి అటకల మీద నెగటివ్ డబ్బాలు ఉండి ఉంటాయి. రైసుమిల్లుల ప్రారంభోత్సవాలు, సాగర్ ఎడమ కాలువ మొదటి నీళ్లు, పెళ్లిళ్లు, బడి గ్రూపు ఫోటోలు, ఏవైనా సరే వెతకండి.

దొరికితే కొన్ని జాగ్రత్తలు పాటించండి. నెగటివ్‌ను అంచులు పట్టుకునే ఎత్తండి. తడిబట్టతో తుడవకండి. ఒకదానికొకటి అతుక్కున్నవాటిని లాగి విడదీయకండి. ప్రింటు వెనుక బాల్‌పెన్నుతో రాయకండి, మెత్తటి పెన్సిలు వాడండి. లామినేషన్ చేయించకండి, ఒకసారి అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడి రాదు. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం ఫోటోకు తగలకుండా మధ్యలో ఆమ్లం లేని అట్ట పెట్టించండి. ఎండ పడే గోడకు, తేమ దిగే గోడకు దూరంగా ఉంచండి. స్కాన్ చేశాక అసలును మీ ఇంటికే తిరిగి ఇచ్చే బాధ్యత నాది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫోటో కింద రాసే నాలుగు మాటలు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి చెప్పగల పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. 1948లో పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు ఎనభై దాటారు. ఈ సంక్రాంతికో, బతుకమ్మకో ఊరికి వెళ్లినప్పుడు పాత ఆల్బం వారి ఒడిలో పెట్టి, ఫోన్‌లో రికార్డింగు నొక్కి పక్కన కూర్చోండి. తొందరపెట్టకండి. తప్పు చెబితే అప్పుడే దిద్దకండి, తేదీలు తర్వాత మనం సరిచూసుకుందాం.

మన బడిలో చదివే ఎనిమిదో తరగతి పిల్ల ఆ గోడ ముందు నిలబడి, హైదరాబాద్ పేరున్న విమానం కింద రెండు వాక్యాలు చదవాలని నా కోరిక. ఇది నిజాం ప్రభువు కానుక అని ఒకటి. దీని ఖర్చులో మన తాతముత్తాతలు కట్టిన శిస్తు కూడా ఉందని రెండోది. రెండూ నిజాలే. రెండూ పక్కపక్కన ఉంటేనే అది చరిత్ర.

ఫోటోలతో వచ్చేవారి కోసం స్వర్ణోత్సవం రోజున గ్రంథాలయం గదిలో స్కానరు పెట్టుకుని కూర్చుంటాను.